16 కేబీ ఉందని నిశ్చింతగా ఉండలేం

2014లో లినక్స్ 3.15తో ఎక్స్86-64 (64 బిట్ పీసీ ప్రాసెసర్లు) మీద కెర్నెల్ స్టాక్, అంటే కెర్నెల్ ఫంక్షన్లు తమ లోకల్ డేటా పెట్టుకునే చిన్న మెమరీ, 8 నుంచి 16 కేబీకి పెరిగింది కాబట్టి అది నిండి హద్దు దాటే ఓవర్‌ఫ్లో గొడవ తీరిపోయిందని కెర్నెల్ స్టాక్ మీద మీ వ్యాసంలో రాశారు. ఆ మాట ఒప్పుకోలేను. మేం పనిచేసేది 32 బిట్ ఆర్మ్ బోర్డు మీద, అక్కడ స్టాక్ 8 కేబీయే.

మా డ్రైవర్‌లో ఒకచోట 1,500 బైట్ల బఫర్‌ని లోకల్ వేరియబుల్‌గా, అంటే స్టాక్ మీదే, పెట్టేశారు. మామూలుగా బాగానే నడిచేది. మెమరీ తగ్గి, నెట్‌వర్క్ మీద ఫైల్ రాస్తున్నప్పుడు మాత్రం సంబంధం లేని చోట క్రాష్! మూడు వారాలు ర్యామ్ చిప్‌నే అనుమానించాం. చివరికి స్టాక్ వాడకాన్ని కొలిచే కెర్నెల్ సాధనం, స్టాక్ ట్రేసర్, ఆన్ చేసి చూస్తే గరిష్ఠ వాడకం 7,600 బైట్లు దాటింది. కింద ఫంక్షన్ల వరుసలో ఒక్కదాని పక్కనే 1,500 పైచిలుకు. బఫర్‌ని కేమాలక్‌కి (స్టాక్ బయట మెమరీ ఇచ్చే కెర్నెల్ ఫంక్షన్) మార్చాక క్రాష్ మళ్లీ రాలేదు.

బాధేమిటంటే, ఫ్రేమ్ (ఒక ఫంక్షన్ స్టాక్ మీద వాడే భాగం) 1024 బైట్లు దాటిందని కంపైలర్ ముందే హెచ్చరించింది. వందల వార్నింగుల మధ్య ఎవరూ చూడలేదు. ఇప్పుడు మా దగ్గర ఆ వార్నింగ్ వస్తే బిల్డే ఆగిపోతుంది.

ఇంకొకటి, లినక్స్ 4.9లో మొదట ఎక్స్86-64కి వచ్చిన వీమ్యాప్ స్టాక్ (చివర గార్డ్ పేజీతో కేటాయించే కెర్నెల్ స్టాక్) గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. స్టాక్ చివర గార్డ్ పేజీ, అంటే ముట్టుకుంటే వెంటనే ఫాల్ట్ వచ్చే ఖాళీ పేజీ, ఉంటే హద్దు దాటగానే అక్కడికక్కడే దొరుకుతుంది, పక్క డేటా చెడదు. మా పాత కెర్నెల్‌లో అది లేకే అన్నాళ్లు పట్టింది. దయచేసి వ్యాసంలో చేర్చండి.