నాగశిలలకు ఆయిల్ పెయింట్ వద్దు

నాగుల చవితి దగ్గర పడితే చాలు, మా శ్రీకాకుళం పల్లెల్లో రావిచెట్ల కిందకి పెయింట్ డబ్బాలు వచ్చేస్తాయి. నాగశిల ఒంటికి సిల్వర్, కళ్లకు ఎరుపు, పడగకు పసుపు. వేసేది భక్తితోనే, కాదనను. కానీ చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

మా ఊరి రాయినే తీసుకోండి. రెండు పాములు పెనవేసుకుని పైకి లేచి, ఎదురెదురుగా పడగలు విప్పి ఉంటాయి. ఆ మెలికల నడుమ చిన్న శివలింగం. పొలుసుకీ పొలుసుకీ మధ్య ఉలి గీత వేలికి తగిలేది. ఏటేటా పూసిన పెయింట్‌తో గీతలన్నీ పూడిపోయాయి. లింగం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇదేంటని అడిగితే "రంగేస్తే కొత్తగా ఉంటది కదా బాబూ" అన్నారు పెద్దలు. అసలు కొత్తగా ఎందుకుండాలి?

పాముని కాపలాగా చెక్కడం మన శిల్పులకు దాదాపు రెండు వేల ఏళ్లుగా ఉన్నదే. అమరావతి ఫలకాల్లో స్తూపాన్ని నాగులు చుట్టుకుని కాపాడుతుంటాయి. భువనేశ్వర్ రాజారాణి గుడి వాకిలికి అటూ ఇటూ స్తంభాలను చుట్టుకుని నాగుడు, నాగిని నిలబడ్డారు. 13వ శతాబ్దంలో కోణార్క కట్టించిన నరసింహదేవుడు గంగవంశీయుడు. ఆ వంశం ఒకప్పుడు ఏలిన కళింగనగరం మన వంశధార ఒడ్డునున్న ముఖలింగమే అంటారు చరిత్రకారులు. కోణార్క గోడల మీద నడుము పైన మనిషి, కింద పాముగా నాగినులు బారులు తీరి ఉంటాయి. అంతదూరం వెళ్లి వాటి ముందు ఫొటోలు దిగుతాం, మన ఊరి చెట్టు కింద అదే కోవకు చెందిన నాగశిలకి ఎనామెల్ పెయింట్ పూస్తాం. నాకిది మింగుడు పడదు.

పైగా ఎనామెల్ రాతి రంధ్రాల్ని మూసేస్తుంది. నేలలోంచి పీల్చుకున్న తడి బయటికి పోలేదు. లోపల ఉప్పు పేరుకుని పైపొర పెచ్చులుగా ఊడుతుంది, దాంతోపాటే చెక్కడమూ పోతుంది.

పాలు పోయండి, పసుపు కుంకుమ పెట్టండి, చిమ్మిలి, చలిమిడి నైవేద్యం పెట్టండి. తర్వాత నాలుగు చెంబుల నీళ్లు పోస్తే రాయి శుభ్రపడుతుంది. ఇప్పటికే పెయింట్ పడి ఉంటే మాత్రం వైరు బ్రష్, యాసిడ్ జోలికి వెళ్లొద్దు, మిగిలిన గీతలు కూడా అరిగిపోతాయి. పురావస్తు శాఖ వాళ్లని అడిగాకే చెయ్యి వెయ్యండి. చవితికి చందాలు రాసేటప్పుడే మీ ఊరి కమిటీకి ఈ మాట చెప్పండి, పెయింట్ కొన్నాక చెబితే ఎవరూ వినరు.