సాయంత్రం ఆరు గంటల మీటింగు గారి దివ్యసముఖమునకు

అక్కయ్యపాలెం,
విశాఖపట్నం.

మహారాజశ్రీ సాయంత్రం ఆరు గంటల మీటింగు గారికి, ఇద్దరు పిల్లల తల్లియు, ఒక ఓటు గల ఇల్లాలునగు నేను అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపము. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ తమరు ఎప్పటిలాగే గంటన్నర ఆలస్యంగా క్షేమమని తలుస్తాను.

ఉభయకుశలోపరి. వార్డు సమావేశంగా, కాలనీ సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశంగా, కార్యకర్తల ఆత్మీయ కలయికగా, రౌండ్ టేబుల్ చర్చగా తమరు అనేక అవతారాలు ఎత్తుతూ ఉంటారు. వాటన్నింటినీ దర్శించుకున్నానని చెబితే అబద్ధమవుతుంది. నేను ఎక్కువగా దర్శించుకున్నది తమ కరపత్రాలనే. అయితే అవతారం ఏదైనా, ద్వారకానగర్ హోటల్లో వెలసినా, కంచరపాలెం సామాజిక భవనంలో వెలసినా, తమ ముహూర్తం మాత్రం చెక్కుచెదరదు. పెళ్ళికైతే పురోహితుడు రెండు మూడు ముహూర్తాలు చూపించి ఏది వీలో చూసుకోమంటాడు. తమకు ఈ ఆరు గంటల ముహూర్తం పెట్టిన సిద్ధాంతి ఎవరో నాకు తెలియదు గాని, ఆ వేళకు ఆయన ఇంట్లో పొయ్యి మీద అన్నం పెట్టే మనిషి వేరే ఉండి ఉంటుందని మాత్రం ఖాయంగా చెప్పగలను.

ఆ వేళకు మా ఇంట్లో ఏమవుతుందో తమరు ఏనాడూ చూసి ఉండరు కనుక మనవి చేస్తాను. సముద్రం తూర్పున ఉన్న ఊరు కాబట్టి మనకు పొద్దు తొందరగా పొడుస్తుంది, తొందరగానే గుంకుతుంది. నవంబరులో ఐదున్నర కాకముందే చీకటి పడుతుంది. చీకటితో పాటు దోమలు వస్తాయి, కిటికీలు మూయాలి. పెద్దవాడు ఎనిమిదో ఎక్కం దగ్గర ఆగిపోయి ఉంటాడు. అత్తగారికి బీపీ మాత్ర వేయాలి. రెండేళ్ళ చంటిదానికి నిద్రా ఆకలీ ఒకేసారి వచ్చి, రెండింటిలో ఏది ముందో తేల్చుకోలేక ఏడుపు మొదలుపెడుతుంది. మావారిది బి షిఫ్టు, అంటే రాత్రి పదింటికి గాని ఇంటిముఖం పట్టరు. సరిగ్గా ఆ నిమిషానికి ఫోన్లో తమ పిలుపు మోగుతుంది: ‘మహిళలు అధిక సంఖ్యలో తరలివచ్చి జయప్రదం చేయవలసిందిగా ప్రార్థన.’

ప్రార్థించారు కదా అని కిందటి కార్తీకంలో ఒకసారి సాహసించాను. మా వీధి చివర అంగన్‌వాడీ గుమ్మం ముందున్న మురుగుకాలువకు మూత లేదు. రెండడుగుల ఎత్తున్న పిల్లలు నడిచే చోట మూడడుగుల లోతున్న కాలువ ఉండటం రాజకీయ విషయమేనని నా నమ్మకం. ఐదింటికే అన్నం వార్చి, చారు పెట్టి, చంటిదాన్ని చంకనేసుకుని బయలుదేరాను. పక్కింటి మామ్మగారు గుమ్మంలోనే ఆపి, “ఏటమ్మా, సంటిదాన్నెత్తుకొని మీటింగుకెల్తన్నావేటి? ఆల్లింటారేటి?” అని అడిగి, జవాబు కోసం చూడకుండానే “సర్లే, పెద్దోడ్ని నాను సూత్తాన్లే, ఎల్లిరా” అన్నారు. ఈ నగరంలో నా ప్రజాస్వామ్య హక్కులకు అండగా నిలిచిన ఏకైక వ్యవస్థ ఆవిడేనని ఈ సందర్భంగా తమకు తెలియజేసుకుంటున్నాను.

ఆరుకు ఐదు నిమిషాల ముందే నేను హాల్లో ఉన్నాను. అప్పటికి అక్కడ ఉన్నది కుర్చీలు వేస్తున్న కుర్రాడూ, మైకు సరిచేస్తున్న ఆయనా మాత్రమే. ఆయన ‘హలో, హలో’ అన్నప్పుడల్లా మా చంటిది ఎంతో మర్యాదగా ‘అలో’ అని బదులు పలికింది. ఆ రాత్రి వేదికకూ సభకూ మధ్య జరిగిన సంభాషణ అంతకు మించి లేదు. ఏడున్నరకు ముఖ్య అతిథి వచ్చారు. పద్నాలుగు మందిని పేరుపేరునా పిలిచి వేదికనలంకరింపజేశారు, దాంతో కింద మిగిలినవాళ్ళం పైవాళ్ళ కంటే తక్కువయ్యాము. జ్యోతి ప్రజ్వలనకు ఫ్యాన్లు ఆపారు, శాలువాలకు మళ్ళీ వేశారు. మాతృమూర్తి త్యాగం గురించి ఒక వక్త నలభై నిమిషాలు కన్నీళ్ళతో మాట్లాడారు. ఆయన కన్నతల్లి ఎవరో గాని ధన్యురాలు. అంతసేపు పిల్లవాడు ఏ అల్లరీ చేయకుండా ఒక్కచోట నిలబడటం నేను నా జన్మలో చూడలేదు.

ఇంతలో మా చంటిది ఎజెండా కాగితాన్ని నోట్లో పెట్టుకుంది. నేను చూసేసరికి మూడో అంశం సగం నమిలేసింది, మిగతా సగం నానిపోయింది. మూడో అంశం అంగన్‌వాడీ దగ్గరి కాలువే. తొమ్మిదింటికి ‘సమయాభావం వల్ల’ దాన్ని వాయిదా వేస్తున్నట్టు ప్రకటించారు గాని, అసలు కారణం ఆ నమలడమేనేమో అని నాకిప్పటికీ అనుమానంగా ఉంది.

అంతటితో ఊరుకుంటే నేను ఈ లేఖ రాసేదాన్ని కాదు. వారం తరువాత మినిట్సు పుస్తకం చూశాను. అందులో ఇలా ఉంది: ‘మహిళల హాజరు స్వల్పం. వారిలో రాజకీయ చైతన్యం పెరగవలసి ఉన్నది.’ చైతన్యం అంటే మెలకువగా ఉండటమే అయితే, రెండేళ్ళ బిడ్డ ఉన్న తల్లి కంటే చైతన్యవంతులు ఈ నియోజకవర్గంలో ఇంకెవరూ ఉండరు. రాత్రి రెండింటికీ, నాలుగింటికీ, కుళాయి వచ్చే వేళకూ నేను మెలకువగానే ఉంటున్నాను. అది కాదు, సమాజంలో ఏం జరుగుతోందో తెలుసుకోవడమే చైతన్యం అంటారా, అయితే దానికీ లోటు లేదు. పాల ప్యాకెట్టు ధర ఎప్పుడు పెరిగిందో, బడి ఆటోలో ఎందరు పిల్లల్ని కుక్కుతున్నారో, ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి ఏ గాలికి వచ్చి పడుతుందో తమ వేదిక మీది పద్నాలుగు మందినీ అడిగి చూడండి, తరువాత నన్ను అడగండి.

తమరికి కోపం రాదంటే ఇంకొక మాట. రాజకీయాలు మీకెందుకమ్మా, పిల్లల్ని చూసుకోండి అని తమ భక్తులు కొందరు నాకు హితవు చెబుతుంటారు. పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టాకనే నాకు ఈ రాజకీయాల జబ్బు పట్టుకుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరిన్ అనే విషపు ఆవిరి ఇళ్ళలోకి చొరబడినప్పుడు, నిద్రలో ఉన్న పిల్లల్ని భుజాన వేసుకుని పరుగెత్తిన తల్లులు అంతకు ముందు రోజు వరకు పిల్లల్ని చూసుకుంటూనే ఉన్నారు. ఆ దుర్ఘటన 12 మందిని బలి తీసుకుంది. ఊరి పక్కన ఏ ట్యాంకు ఉండాలో, అందులో ఏముండాలో ఎక్కడో ఒక సమావేశంలోనే నిర్ణయమవుతుంది. పరుగెత్తడం మాత్రం ఇంటి దగ్గర మొదలవుతుంది. పెద్ద పరిశ్రమ పెట్టేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని, దానికి 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వేయాలని 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ చెబుతోంది. అలాంటి ప్రకటన ఒకటి నేనూ శ్రద్ధగా చదివాను, వంటింటి అలమరలో డబ్బాల కింద పరిచిన కాగితం మార్చేటప్పుడు, తేదీ దాటిన రెండు నెలలకు.

తల్లులు రాజకీయాలకు దూరంగా ఉంటారన్న మాట తమ నోట విన్నప్పుడల్లా నాకు దూబగుంట గుర్తుకొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊరి ఆడవాళ్ళు అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రి బడికి వెళ్ళి, అక్కడ చదివిన పాఠంలో తమ ఇళ్ళ సంగతే చూసుకుని, సారా కొట్టు మూయించేదాకా నిద్రపోలేదు. మరుసటి ఏడాదే రాష్ట్రమంతటా సారాయిని నిషేధించవలసి వచ్చింది. దానికి వేదిక లేదు, శాలువాలు లేవు. బడి వాళ్ళ వాకిట్లో, వాళ్ళ పని తెమిలిన వేళకు జరిగింది, అంతే. మన ఊరిలోనూ చూశాను. ఉక్కు కర్మాగారంలో వంద శాతం వాటా అమ్మడానికి కేంద్రం 2021 జనవరిలో సూత్రప్రాయంగా అంగీకరించిన తరువాత కూర్మన్నపాలెంలో నిరసన శిబిరం వెలిసింది. నేను పగటిపూట, వంట ముగించుకుని, అప్పటికి నాలుగేళ్ళున్న పెద్దవాడిని వెంటబెట్టుకుని వెళ్ళొచ్చేదాన్ని. మిగతా పిల్లలు చిట్టి చిలకమ్మ పాడే వయసులో వాడు ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ వల్లించాడు. 1966లో 32 మంది ప్రాణాలు పెట్టిన నినాదాన్ని వాడు ఇంటికొచ్చి ‘బిస్కెట్టు, మా హక్కు’ అని మార్చుకున్నాడు గాని, పిడికిలి ఎత్తడం మాత్రం సరిగ్గానే నేర్చుకున్నాడు.

తమరు గొప్ప వంశంలో పుట్టారన్న సంగతి నేను మరవలేదు. 2021 నవంబరులో బ్రిటన్ పార్లమెంటు ఒక సభ్యురాలికి, మూడు నెలల బిడ్డతో సభకు రాకూడదని కబురు పెట్టింది. అందుకు మూడేళ్ళ ముందు న్యూజీలాండ్ ప్రధాని తన పసిబిడ్డతో ఐక్యరాజ్యసమితి సాధారణ సభకు వెళితే, ఆ ఫోటోను మా వార్డు వాట్సాప్ గ్రూపులో ఎనిమిది మంది నమస్కారాల బొమ్మలతో పంచుకున్నారు. చంటిది ఏడుస్తోంది, బయటికి తీసుకెళ్ళమ్మా అని కార్తీకంలో నాకు సైగ చేసిన పెద్దమనిషి ఆ ఎనిమిది మందిలో ఉన్నారు.

మన రాష్ట్రం స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలకు ఇచ్చింది. ఇచ్చిన చోట కొన్ని ఫ్లెక్సీలు చూస్తే, గెలిచినావిడ తపాలా బిళ్ళంత, ఆవిడ భర్త నిలువెత్తు కనిపిస్తారు. ఆయన తమ దగ్గరకు ఆరింటికి రాగలరు మరి. ఆ సమయానికి ఆవిడ ఎక్కడ ఉంటుందో వేరే చెప్పాలా? చట్టసభల్లో మూడో వంతు స్థానాల బిల్లు సంగతి సరేసరి. 1996లో కడుపున పడింది, 2010లో రాజ్యసభ దాటి లోక్‌సభ గుమ్మంలో ఆగిపోయింది, 2023 సెప్టెంబరులో 454 మంది ఔనని, ఇద్దరు కాదని అన్నాక ఎట్టకేలకు ఒడ్డున పడింది. ఏనుగైనా 22 నెలలకు ఈనుతుంది. ఇరవై ఏడేళ్ళు మోసి కన్న ఆ బిడ్డకు, జనగణనా నియోజకవర్గాల పునర్విభజనా జరిగేదాకా నడక రాదని పుట్టినప్పుడే జాతకంలో రాసేశారు. ఈలోగా 2024లో ఎన్నికైన లోక్‌సభలో 543 మందికి 74 మంది స్త్రీలు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న పాత నిబంధనను మన శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసింది కాబట్టి, ఇకపై ముగ్గురు పిల్లల తల్లి కూడా నిక్షేపంలా నామినేషను వేయవచ్చు. మూడోవాణ్ణి చంకనా, రెండోదాన్ని చేతా పట్టుకుని ఆరింటికి తమ సన్నిధికి ఎలా రావాలో మాత్రం ఆ సవరణలో కనబడలేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. ఇప్పుడు అక్కయ్యపాలెం నుంచి జీవీఎంసీ, అంటే మన నగరపాలక సంస్థ, దగ్గరి గాంధీ విగ్రహం దాకా ధర్నాకు పైసా ఖర్చు లేకుండా వెళ్ళగలను. టికెట్టు లేకుండా కాలం దొరికే బస్సు కూడా ఒకటి వేస్తే బాగుండును, ఎక్కేదాన్ని.

కాలం సంగతి వచ్చింది కాబట్టి: తమకు తొందర లేదని నాకు తెలుసు. ఈ నగరంలో ఎన్నికైన కౌన్సిలు గడువు 2012లో ముగిస్తే, మళ్ళీ 98 వార్డులకూ పోలింగు జరిగింది 2021 మార్చి 10న. 2012లో పుట్టిన పిల్ల అప్పటికి నాలుగో తరగతి పుస్తకాలకు అట్టలు వేసుకుంటోంది. అన్నేళ్ళు ఎదురుచూడగలిగిన తమరికి, మా చంటిది పడుకునేదాకా ఎదురుచూడటం కష్టమని నేను అనుకోను. నా రాజకీయాలు ప్రస్తుతం రాత్రి పదకొండున్నర తరువాత నడుస్తున్నాయి. ఎడమచేతి మీద బిడ్డ, కుడిచేతి బొటనవేలితో ఫోను. శుభోదయం గులాబీలూ, నాయకుడి పుట్టినరోజు కేకులూ కలిసి నూటయాభై సందేశాలు దాటుకుని వెళితే, అట్టడుగున కాలువ గురించిన ఒక్క మాట దొరుకుతుంది. దానికి బదులు రాస్తే, ‘ఈ వేళప్పుడు మెసేజి ఏమిటమ్మా’ అని పొద్దున్నే ఒకరు మందలిస్తారు.

అందుచేత నా విన్నపం ఇది. తమరు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మధ్యాహ్నం రెండున్నరకు మా అంగన్‌వాడీ వరండాలోకి దయచేయండి. ఆ వేళకు చంటివాళ్ళు పడుకుని ఉంటారు, పెద్దవాళ్ళు బడిలో ఉంటారు, మా వీధి నుంచి పదిహేను ఇరవై మందిమి ఖాయంగా వస్తాం. అన్నీ పిల్లల కుర్చీలే కనుక ముఖ్య అతిథి మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి, సర్దుకోమని చెప్పండి. మైకు వద్దు, పిల్లలు లేస్తారు. జ్యోతి వద్దు, శాలువాలు అసలే వద్దు. ఆ డబ్బుతో కాలువ మీదికి రెండు సిమెంటు పలకలు వస్తాయి. మూడున్నరకు బడి వదులుతారు కాబట్టి అధ్యక్షుల వారి తొలిపలుకులకు మూడు నిమిషాలు కేటాయించాము. మామ్మగారు కూడా వస్తానన్నారు. వాళ్ళు వింటారా లేదా అన్నది తన కళ్ళతోనే చూడాలని ఆవిడ పట్టుదల.

ఇట్లు,
తమ మినిట్సు పుస్తకంలోని ‘స్వల్పం’.

తా.క.: కార్తీకం నాటి ఎజెండా కాపీ ఇంకొకటి ఉంటే పంపగలరు. మూడో అంశం ఉన్న పేజీ చాలు. వీలైతే లామినేషను చేయించి పంపండి, మాదానికి ఇప్పుడు దవడ పళ్ళు కూడా వచ్చాయి.