పట్టికలో ఐదో గడి

అక్టోబరు వచ్చిందంటే ఇక్కడ అమెరికా బడుల్లో చదివే మన పిల్లల సంచుల్లో ఒక కాగితం కనబడుతుంది. దాని మీద నాలుగు గడుల పట్టిక: అన్వేషకుడి పేరు, దేశం, సంవత్సరం, కనుగొన్న ప్రదేశం. కొలంబస్, స్పెయిన్, 1492, అమెరికా. వాస్కోడగామా, పోర్చుగల్, 1498, భారతదేశానికి సముద్రమార్గం. మనమూ తక్కువ తినలేదు. సాంఘికశాస్త్రం పరీక్షలో 'జతపరచుము' అంటే ఇవే పేర్లకు గీతలు గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే.

ఈ కాగితం మీద మన సంఘం సమావేశాల్లో రెండు రకాల వాదనలు వింటూ ఉంటాను. వాళ్లు ఓడలు కట్టి ప్రపంచం చుట్టివస్తుంటే మనవాళ్లు సముద్రం దాటితే మైల అనుకుంటూ కూర్చున్నారన్నది మొదటిది. రెండోది ఫోన్లలో తిరుగుతుంటుంది: కొలంబస్ కన్నా వేల ఏళ్ల ముందే మన పూర్వీకులు అమెరికా చేరారట. ఆధారమేమిటని అడిగితే మీ దేశభక్తిని శంకిస్తారు. వాదించుకునేవాళ్లు ఎడమొహం పెడమొహంగా ఉన్నా ఇద్దరి లెక్కా ఒక్కటే: ముందు చేరినవాడు గొప్ప. ఒకరేమో మనం ఓడిపోయామని బాధపడతారు, ఇంకొకరు గెలిచామని దబాయిస్తారు.

నాకు ఆ పోటీ మీదే నమ్మకం లేదు. పట్టికను చించేయమనీ అనను. పక్కన ఐదో గడి ఒకటి గీసి 'దారి చూపినవారు' అని రాయించండి చాలు. అది నింపడానికి కూర్చున్న పిల్లవాడికి మిగతా నాలుగు గడులూ వేరేగా కనిపించడం మొదలవుతుంది.

కొలంబస్ దగ్గర ఆ గడి చేదుగానే ఉంటుంది. 1492 అక్టోబరు 12న బహామాస్‌లోని గ్వానహాని దీవిలో దిగిన కొలంబస్, అక్కడి తైనో ప్రజల్లో కొందరిని పట్టి ఓడ ఎక్కించుకున్నాడు. తనకు దీవులు చూపించాలి, తన మాట ఆ ప్రజలకూ వాళ్ల మాట తనకూ అందించాలి. యాభై మంది మనుషులుంటే వీళ్లందరినీ లొంగదీసి మనకు కావలసింది చేయించుకోవచ్చని రెండు రోజులకే దినచర్యలో రాసుకున్నాడు. అలా తీసుకెళ్లిన ఒక కుర్రవాడికి స్పెయిన్‌లో బాప్తిస్మం ఇచ్చి, కొలంబస్ కొడుకు పేరే, దియేగో కొలోన్ అని పెట్టారు. రెండో ప్రయాణంలో దుబాసీ అతనే. అమ్మానాన్నలు పెట్టిన పేరేమిటో మనకు దక్కలేదు.

వాస్కోడగామా కథ నాకు ఇంకా ఇష్టం. అందులో లెక్క చూపించవచ్చు.

ముందుగా ఆయనకు చెందాల్సింది ఆయనకు ఇచ్చేద్దాం. 1497లో కేప్ వెర్డే దీవులు వదిలాక ఆఫ్రికా ఒడ్డు పట్టుకుని వెళ్లకుండా అట్లాంటిక్ నడిమధ్యకు తిప్పి, నేల కంటికి ఆనకుండా మూడు నెలలు నడిపించి దక్షిణాఫ్రికా తీరానికి చేర్చాడు. సామాన్యమైన సాహసం కాదది. అయితే ఆఫ్రికా తూర్పు తీరం చేరాక పరిస్థితి మారింది. ఆ సముద్రం ఆయనకు కొత్త గానీ, అక్కడి రేవుల్లో గుజరాతీ, అరబ్బు వర్తకులు అప్పటికే సరుకులు దించుకుంటున్నారు. అక్కడి మలింది రేవు రాజు ఒక మార్గదర్శిని ఇచ్చాడు. 1498 ఏప్రిల్ 24న తెరచాప ఎత్తారు. మే 20 నాటికి కాలికట్ దగ్గర లంగరు వేశారు. నెల కూడా పట్టలేదు.

ఆ మార్గదర్శి ప్రసిద్ధ అరబ్బు నావికుడు ఇబ్న్ మాజిద్ అని చాలాకాలం చెప్పుకున్నారు. ఇప్పటి చరిత్రకారులు ఒప్పుకోరు. గుజరాతీ అని ఒక పోర్చుగీసు చరిత్రకారుడు రాశాడు. ఎవరైతేనేం, ఏ నెలలో ఏ గాలి ఎటు వీస్తుందో, ఏ చుక్కను చూసి ఎంత దూరం వచ్చామో తెలిసిన మనిషి. ఆ తెలివి ఖరీదెంతో తిరుగు ప్రయాణం చెబుతుంది. గామా కాలికట్ రాజు జామొరిన్‌తో గొడవపడి, గాలి మళ్లేదాకా ఆగకుండా బయలుదేరాడు. అక్టోబరు మొదట్లో గోవా దగ్గరి అంజిదీవ్ దీవి వదిలితే ఆఫ్రికా ఒడ్డు కనిపించింది జనవరి 2న. మూడు నెలలకు మూడు రోజులు తక్కువ అని ఆ ఓడల మీద ఉన్నవాడే రాసిపెట్టాడు. చిగుళ్లు పళ్ల మీదికి వాచిపోయి, తిండి నమలలేక, ఒళ్లంతా నీరుపట్టి ముప్పై మంది చచ్చిపోయారు. ఒక్కో ఓడలో పని చేయగలిగినవాళ్లు ఏడెనిమిది మంది మిగిలారు. నడిపే దిక్కులేక ఒక ఓడను తగలబెట్టేశారు. సముద్రం అదే, ఓడలూ అవే, నాయకుడూ ఆయనే. తేడా గాలి తెలిసిన మనిషి.

కాలికట్‌లో దిగిన ఘట్టం మరీ సరదాగా ఉంటుంది. ఏమవుతుందో తెలియదు కాబట్టి గామా ముందుగా శిక్షపడిన ఖైదీనొకణ్ని ఒడ్డుకు పంపాడు. ఒడ్డున ఎదురైన ఇద్దరు ట్యునీసు వర్తకులు శుభ్రమైన స్పెయిన్ భాషలో "నిన్ను దయ్యం ఎత్తుకుపోనూ, ఇక్కడికెలా వచ్చావు?" అని పలకరించారు. తరువాత జామొరిన్‌కు కానుకలు సిద్ధం చేశారు: పన్నెండు గుడ్డ తానులు, నాలుగు ఎర్ర ముసుగు టోపీలు, ఆరు మామూలు టోపీలు, కొన్ని పగడాలు, చేతులు కడుక్కునే పళ్లేలు ఆరు, చక్కెర, నూనె, తేనె. అవి చూసి రాజుగారి మనుషులు నవ్వారు. మక్కా నుంచి వచ్చే అతి బీద వర్తకుడు కూడా ఇంతకన్నా ఎక్కువ ఇస్తాడన్నారు. అలా నవ్వించుకున్న మనిషి తరువాతి ప్రయాణానికి ఫిరంగులతో వచ్చాడనుకోండి, అది వేరే కథ.

రాయడం వచ్చినవాడికి ఒక న్యాయం, రానివాడికి ఒక న్యాయం జరగడం చూడాలంటే హిమాలయాలకు వెళ్లాలి. పంతొమ్మిదో శతాబ్దంలో టిబెట్‌లోకి ఆంగ్లేయులకు ప్రవేశం లేదు. అందుకని సర్వే శాఖ కొండజాతి మనుషులకు శిక్షణ ఇచ్చి యాత్రికుల వేషంలో పంపింది. కుమావూ బడిపంతులు నైన్ సింగ్ రావత్ నూటెనిమిదికి బదులు నూరు పూసల జపమాల పట్టుకుని, వంద అడుగులకు ఒక పూస తిప్పుతూ లాసా దాకా నడిచాడు. ప్రార్థనా చక్రంలో మంత్రాలకు బదులు కొలతల కాగితాలు. ఆయన లెక్కలు రాసి తెచ్చాడు కాబట్టి 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది.

కింథుప్ సంగతి అలా జరగలేదు. సిక్కింవాడు, డార్జిలింగ్‌లో దర్జీ, చదువు రాదు. టిబెట్‌లో సాంగ్పో, అస్సాంలో బ్రహ్మపుత్ర ఒకే నదా కాదా అన్నది అప్పట్లో తేలని ప్రశ్న. 1880లో ఒక చైనా లామాకు తోడుగా కింథుప్‌ను పంపారు. గుర్తులు వేసిన దుంగలను సాంగ్పోలో వదలాలి, అవి అస్సాంలో తేలతాయేమో అక్కడివాళ్లు కాపుకాయాలి. దారిలో ఆ లామా గారు కింథుప్‌ను బానిసగా అమ్మేసి తన దారిన తాను పోయాడు. కింథుప్ తప్పించుకున్నాడు. ఇంటికి పోలేదు, నది వెంటే దిగువకు నడిచాడు. వెంటబడి వచ్చినవాళ్లకు ఒక మఠాధిపతి యాభై రూపాయలిచ్చి అతణ్ని తన దగ్గర ఉంచుకున్నాడు. అక్కడ చాకిరీ చేస్తూ, తీర్థయాత్ర అని సెలవు అడిగి, అడవిలో ఐదువందల దుంగలు కొట్టి దాచాడు. మళ్లీ సెలవు పెట్టి లాసా దాకా వెళ్లి, ఫలానా రోజుల్లో దుంగలు వదులుతానని ఉత్తరం రాయించి పంపాడు. తిరిగొచ్చి మళ్లీ చాకిరీ. చివరకు చెప్పిన మాట ప్రకారం రోజుకు యాభై చొప్పున పది రోజులు వదిలాడు.

ఉత్తరం అందుకోవలసిన అధికారి అప్పటికే దేశం వదిలి వెళ్లిపోయాడు. నది దగ్గర కాపు లేదు. ఐదువందల దుంగలూ ఎవరి కంటా పడకుండా సముద్రం వైపు కొట్టుకుపోయాయి. నాలుగేళ్ల తరువాత కింథుప్ తిరిగివచ్చి చూసిందంతా నోటితో చెబితే, కాగితం లేని మాట కదా, పెద్దలు పూర్తిగా నమ్మలేదు. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అనే ఇద్దరు అధికారులు అదే దారి నడిచి చూస్తే అతను చెప్పింది చాలావరకు నిజమని తేలింది. బెయిలీ వెదికించగా డార్జిలింగ్‌లో కుట్టుపని చేసుకుంటూ కనిపించాడు. వెయ్యి రూపాయలు ఇప్పించారు. ఆ తరువాత ఎంతో కాలం బతకలేదు.

ఇదంతా పరాయివాళ్ల గొడవ అనుకునేవాళ్లకు ఏలూరు కథ ఉంది. స్కాట్లండ్ దగ్గరి లూయిస్ దీవి నుంచి 1783లో వచ్చిన కాలిన్ మెకంజీ తరువాత భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన పేరు మీద కూడబెట్టిన సంపదలో 1,568 గ్రంథాలు, 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు ఉన్నాయి. దక్షిణ భారత చరిత్ర రాసేవాళ్లెవరూ ఆ సేకరణను దాటి వెళ్లలేరు. అంత పని చేసిన మెకంజీకి ఇక్కడి భాషల్లో ఒక్కటీ రాదు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. భారతీయ విజ్ఞానపు గుమ్మంలో తనను అడుగుపెట్టించింది కావలి వెంకట బొర్రయ్య అనే ఏలూరు యువకుడని 1817లో ఉత్తరంలో రాశాడు. బొర్రయ్య అప్పటికే లేడు, 1803లోనే, ముప్పై ఏళ్లు నిండకుండా పోయాడు. ఎవరికీ కొరుకుడుపడని పాత కన్నడ లిపిని పట్టుబట్టి చదివినవాడు అతనే. తరువాత ఆ బాధ్యత తమ్ముడు లక్ష్మయ్య తీసుకున్నాడు. ఊరూరికీ మనుషులను పంపడం, వాళ్ల నివేదికలు తెప్పించుకుని చూడడం ఆయన పని. ఇంకో తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రలను ఇంగ్లీషులో అచ్చువేశాడు.

1821లో మెకంజీ పోయాడు. ఆ పని ఆగిపోకూడదని, తనకు అప్పగిస్తే కొనసాగిస్తానని లక్ష్మయ్య దరఖాస్తు పెట్టుకున్నాడు. 1836లో అది కలకత్తా ఆసియాటిక్ సొసైటీ ముందుకు వచ్చినప్పుడు, కావలి వెంకట లక్ష్మయ్యకే కాదు, అసలు ఏ దేశీయుడికైనా ఇంత పనికి తగిన అర్హత ఉందనలేమని సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ తేల్చేశాడు. పాతికేళ్లకు పైగా ఆ పనే చేస్తున్న మనిషికి వచ్చిన జవాబది. మరుసటేడాది అశోకుడి బ్రాహ్మీ లిపిని చదివి చరిత్రకెక్కిన ప్రిన్సెప్ కూడా పక్కన కమలాకాంత విద్యాలంకార్ అనే పండితుణ్ని పెట్టుకునే శాసనాలకు అర్థాలు చెప్పించుకునేవాడు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

అయినా ఎదుటివాళ్ల మాట ఒకటి ఒప్పుకోవాలి. దారి తెలిసి ఉండడం వేరు, తెలిసినదాన్ని పదిమందికీ పదికాలాలకూ అందేలా పెట్టడం వేరు. అమరావతి స్తూపాన్నే చూడండి. కనుగొన్నది మెకంజీ అని పుస్తకాల్లో ఉంటుంది. ఊరివాళ్లకు అది ఎప్పటి నుంచో తెలిసిన దీపాలదిన్నె. తెలిసీ ఏం చేశాం? జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కడుతుంటే ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వుకున్నాం. శిల్పాల సున్నపురాతిని సున్నంగా కాల్చుకున్నాం. మెకంజీ బృందం వచ్చి బొమ్మలు గీసి పెట్టబట్టి, ఆ తరువాత మాయమైన ఎన్నో శిల్పాలు ఎలా ఉండేవో తెలుస్తోంది. నాలుగో గడిని నేను చెరిపేయమననిది ఇందుకే.

ఇంకో ప్రమాదమూ ఉంది. ఈ వ్యాసం చదివి రేపు ఎవరైనా కావలి సోదరుల ఫొటోలకు దండలు వేసి 'భారత చరిత్రను కనుగొన్న మొదటి తెలుగువారు' అని బ్యానరు కడితే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. బొర్రయ్య అనువదించిన జైనుల వృత్తాంతం ఆసియాటిక్ సొసైటీ సంపుటంలో అతని పేరుతోనే అచ్చయింది. అది అతను సొంతంగా ఊహించి రాసిందా? కర్ణాటకలోని ముదిగెరెలో ఒక జైన పూజారి కూర్చోబెట్టి చెబితే రాసుకున్నది. లక్ష్మయ్య పంపిన నారాయణరావు వంటి సేకర్తలు ఊళ్లకు వెళితే, వాళ్లకు ఊరి లెక్కల కవిలెకట్టలు విప్పి చూపించింది అక్కడి కరణాలు. ఐదో గడి నింపగానే ఆరో గడి కావలసి వస్తుంది. ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు, కానీ మొదటి పేరు దగ్గరే ఆపేయడం బద్ధకం.

ఆ సేకర్తలు ఊళ్ల వెంట తిరిగి రాసుకొచ్చిన తెలుగు కైఫియత్తులు ఇంకా ఉన్నాయి. చాలావరకు మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో చేరాయి. వాటిలో ఎన్నిటికో సి.పి. బ్రౌన్ శుభ్రప్రతులు రాయించాడు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎవరిచ్చారు, పంటలేమిటి, ఇలాంటివన్నీ వాటిలో ఉంటాయి. గుంటూరు, కడప ప్రాంతాలవి కొన్ని అచ్చయ్యాయి. ఈ పత్రిక చదివేవాళ్లలో ఆ రెండు జిల్లాలవాళ్లకు కొదవలేదు. మీ ఊరి కైఫియత్తు దొరికితే పిల్లల చేత కూడబలుక్కుని చదివించండి, అందులోంచి రెండు పేజీలు వచ్చే సంచికకు పంపండి. వివరాలు చెప్పిన కరణం పేరు చివర్లో ఎక్కడైనా ఉంటే, దాన్ని మాత్రం కత్తిరించకండి.