శుభలేఖకు రంగు కావలెను

వధువుకు వరుడు దొరకడం ఈ రోజుల్లో పెద్ద కష్టమేమీ కాదని, ఆ తరువాత వారిద్దరి శుభలేఖకు రంగు దొరకడమే అసలైన పరీక్ష అని ఈ మధ్యనే అనుభవపూర్వకంగా తెలుసుకున్నాను. మా మేనకోడలి జాతకం వరుడి జాతకంతో ఒక్క పూటలో కుదిరింది. పంతులుగారు అరగంటలో వైశాఖ మాసంలో ముహూర్తం పెట్టి, కాఫీ తాగి వెళ్లిపోయారు. శుభలేఖ అంచున ఏ ఆకుపచ్చ ఉండాలన్న విషయం మీద మాత్రం ఇరువైపుల పెద్దలు, ఒక డిజైనరు, ఆయన సహాయకురాలు, మేనమామ హోదాలో నేను కలిసి నెలన్నర పాటు తర్జనభర్జనలు పడి, లోకంలో ఆకుపచ్చలు పదకొండు ఉన్నాయని తేల్చి, వాటిలో పదింటిని తిరస్కరించగలిగాము. ఒక కుటుంబం ఇంతకు మించి సాధించగలదని నేను అనుకోను.

మన పూర్వులు ఈ విషయంలో ఎంతటి అంధకారంలో బతికారో తలుచుకుంటే జాలి కలుగుతుంది. వారి కాలంలో ప్రెస్సు యజమాని దగ్గర పసుపు కాగితం ఉండేది, అది అయిపోతే గులాబీ కాగితం ఉండేది. దాని మీద ఎర్ర సిరాతో పైన వినాయకుడు, పక్కన అరటిచెట్లు, కింద సన్నాయి, డోలు అచ్చయ్యేవి. ఆ వినాయకుడి బ్లాకు ఊరంతటికీ ఒక్కటే కావడం చేత, వాడి వాడి ఆయన తొండం అరిగిపోయి, ఏ శుభలేఖ ఏ ప్రెస్సుదో తొండాన్ని బట్టి చెప్పగలిగేవారు ఉండేవారు. నాలుగు మూలలా పసుపు అద్దితే పని పూర్తయ్యేది. ప్రేరణ అన్న మాట ఎవరూ ఎత్తేవారు కారు. ప్రేరణ లేని కార్డులతో పెళ్లిళ్లు చేసుకుని కూడా ఆ దంపతులు షష్టిపూర్తుల దాకా ఎలా నెట్టుకొచ్చారో పరిశోధించవలసిన విషయమే.

మా డిజైనరు మొదటి సమావేశంలోనే ఈ లోటును గుర్తించాడు. "ముందు ఇన్‌స్పిరేషన్ దొరకాలి సార్, కార్డు దానంతట అదే వస్తుంది" అన్నాడు. ఆ ఇన్‌స్పిరేషన్ ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఫోను చూపించాడు. అందులో మూడ్‌బోర్డు అనే పలక ఒకటి ఉంది. దాని నిండా మంచు కురిసే దేశాల తోటల్లో తీసిన ఛాయాచిత్రాలు, వాటి కింద రంగుల పేర్లు ఉన్నాయి. సేజ్ గ్రీన్, డస్టీ రోజ్, బ్లష్, ఐవరీ అని ఆయన చదువుతుంటే మా అక్క నా వైపు చూసింది. తెలుగు చేసి చెప్పే బాధ్యత సహజంగానే నా మీద పడింది. మొదటిది ఎండిన తులసాకు రంగనీ, రెండవది దుమ్ము పట్టిన గులాబీ అనీ, మూడవది సిగ్గు అనీ, నాలుగవది ఏనుగు దంతమనీ విన్నవించాను. "దుమ్ము పట్టినది ఎందుకురా, తుడిచినది దొరకదా?" అని మా అమ్మ అడిగిన ప్రశ్నను డిజైనరు సౌందర్యశాస్త్రం పరిధిలోనిది కాదని మర్యాదగా పక్కన పెట్టాడు.

పలక మధ్యలో పియోనీ అనే పువ్వు ఉంది. పెద్ద లడ్డూ అంత గుండ్రంగా, పొరలు పొరలుగా, నిజం చెప్పవద్దూ, అందంగానే ఉంది. శీతాకాలంలో వారాల తరబడి గట్టి చలి తగిలితే తప్ప మొగ్గ తొడగని మొక్క అది. మాఘమాసంలో కూడా ఫ్యాను వేసుకునే మా రాజమహేంద్రవరంలో ఆ పువ్వు పూయాలంటే మొక్కను ఫ్రిజ్‌లో కాపురం పెట్టాలి. మేము కూర్చున్న చోటి నుంచి పట్టుమని పది కిలోమీటర్లు పోతే కడియం వస్తుంది. అక్కడ కాలవ గట్ల వెంట నర్సరీలే నర్సరీలు. కడియపులంక పూల మార్కెట్టులో తెల్లవారుజామున బంతి, చామంతి, లిల్లీ, మల్లె గుట్టలుగా పోసి ఉంటాయి, ఆ వాసనకు నిద్రమత్తు దానంతట అదే వదులుతుంది. అక్కడికి ఒకసారి వెళ్లి చూద్దామా అని నేను అన్నాను. డిజైనరు నా అమాయకత్వానికి చిన్నగా నవ్వి, దగ్గరలో దొరికేది సరుకు అవుతుంది గాని ప్రేరణ కాదని వివరించాడు. ఈ వాక్యాన్ని ఫ్రేము కట్టించుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

పియోనీ చుట్టూ వెండిపూత పూసినట్టున్న గుండ్రని ఆకుల తీగ ఒకటి అల్లి ఉంది. దాని పేరు యూకలిప్టస్ అని, ప్రస్తుతం ప్రపంచమంతటా పెళ్లి కార్డులు దాని నీడలోనే నడుస్తున్నాయని చెప్పాడు. కాస్త పరిశీలించి చూస్తే అది మన జామాయిల్ చెట్టు జాతిదే. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ దుంగలను నెత్తిన పెట్టుకుని మా ఊరి కాగితపు మిల్లు వైపు వెళ్లే లారీల వెనక హారన్ కొడుతూ నా సగం జీవితం గడిచింది. గోదావరి వెంట ఎగువకు పోతే భద్రాచలం రాముడికి ఎదురొడ్డున సారపాక మిల్లు కూడా ఆ కర్రనే గుజ్జు చేస్తుంది. అంటే మేము జామాయిల్ గుజ్జుతో చేసిన కాగితం మీద జామాయిల్ ఆకు బొమ్మ వేయించి, దానికి విడిగా రుసుము చెల్లిస్తున్నామన్నమాట. మూలాలకు ఇంతకంటే గట్టిగా కట్టుబడిన శుభలేఖ మరొకటి ఉంటుందా?

రంగుల విషయంలో మా అక్క మౌనమే నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది. బట్టల దుకాణంలో పరుపు మీద కూర్చుంటే ఆవిడ వేరే మనిషి. వంగపండుకూ నేరేడుకూ మధ్య, చిలకపచ్చకూ మామిడిపిందెకూ మధ్య, మెంతిరంగుకూ గంధానికీ మధ్య ఉన్న తేడాను ట్యూబులైటు వెలుగులోనే పసిగట్టి, అనుమానం వస్తే చీరను వీధిలోకి తీసుకుపోయి ఎండలో చూసి మరీ తీర్పు చెప్పగలదు. నెమలికంఠం, దొండపండు, ఉల్లిపొర, కనకాంబరం, మిరపపండు, వక్కరంగు అని ఆవిడ అడుగుతూ ఉంటే, సేల్స్‌మెన్ ఒక్కసారి కూడా ఎదురు ప్రశ్న వేయకుండా తీసి పరుస్తూ ఉంటారు. అటువంటి మనిషి ఈ పలక ముందు, ప్రయాణంలో చీటీ పోగొట్టుకున్న ప్రయాణికురాలిలా కూర్చుంది. ఎందుకని అడిగితే, "అవన్నీ చీరల రంగులు గదరా, కార్డుకు పనికొస్తాయా?" అన్నది.

పనికిరావు. ఎందుకంటే వాటికి నంబర్లు లేవు. అమెరికాలో ప్యాంటోన్ అనే సంస్థ ఉంది. లోకంలోని రంగులకు నంబర్లు వేసి, 2000వ సంవత్సరం మొదలు ఏటా ఒకటో రెండో రంగులను ఆ ఏటి రంగులుగా ప్రకటిస్తూ వస్తోంది. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో రాజెవరో మంత్రి ఎవరో విన్నట్టుగా డిజైనర్లందరూ ఆ ప్రకటనను భక్తితో వింటారు. 2024కు రాజు పీచ్ ఫజ్, నంబరు 13-1023. కనకాంబరాన్ని పాలలో ముంచి తీసినట్టుంటుంది. 2025కు మోచా మూస్, నంబరు 17-1230. మా అక్క భాషలో వక్కరంగు, కాస్త పాలు ఎక్కువ పడినది. వక్కరంగు అంటే తాంబూలంలోకి పోతుంది. మోచా మూస్ అంటే కార్డు ధర పెరుగుతుంది.

జిల్లేడు వ్యవహారం ఈ నేపథ్యంలోనే జరిగింది. పియోనీ అందరూ వేయించుకుంటున్నారని, మనకు ఎవరి కార్డు మీదా లేని పువ్వు కావాలని మా మేనకోడలు పట్టుబట్టింది. డిజైనరు వారం రోజులు తపస్సు చేసి ఒక చిత్రంతో వచ్చాడు. అయిదు రేకులతో లేత ఊదా, తెలుపు కలిసిన నక్షత్రం లాంటి పువ్వు, మధ్యలో చిన్న కిరీటం, మైనంతో చేసినట్టు మెరుపు, వెనక బూడిద పూసినట్టున్న దళసరి ఆకులు. ఇది అరుదైన పుష్పమని, ఇంగ్లీషులో దీన్ని కిరీటపుష్పం అంటారని, దీని లావెండర్ ఛాయను ఏ యంత్రమూ సృష్టించలేదని గద్గద స్వరంతో చెప్పాడు. అందరం తల ఊపాము. అంతవరకు వత్తులు చేసుకుంటూ కూర్చున్న మా అమ్మ కళ్లజోడు సర్దుకుని, ఆ చిత్రాన్ని దగ్గరగా చూసి, ఎంతో శాంతంగా అడిగింది: "పెళ్లికొడుక్కి ఇది ఎన్నో పెళ్లి?"

తెలియనివారి కోసం చెబుతున్నాను. మూడో పెళ్లి అచ్చిరాదన్న నమ్మకంతో, మూడోసారి పెళ్లాడే మగవాడికి ముందుగా జిల్లేడు మొక్కతో లాంఛనంగా పెళ్లి జరిపించి, ఆ తరువాత వచ్చే పెళ్లికూతురిని నాలుగో లెక్కలో వేసే ఆచారం మనలో ఉంది. దానికి అర్కవివాహమని పేరు. ఇళ్లు పాడుబడితే గోడల్లో మొలిచేది కూడా ఈ కిరీటపుష్పమే. రథసప్తమినాడు ఆకులు తల మీద పెట్టుకుని స్నానం చేస్తాం గనుక జిల్లేడుకు గౌరవం లేదనడానికి వీలు లేదు, కాని ఆ గౌరవం శుభలేఖ దాకా రాదు. ఈ సంగతి వివరించగా డిజైనరు చాలాసేపు ఆలోచించి, "కథ బాగుంది సార్, కార్డు వెనక రెండు లైన్లలో వేద్దామా?" అన్నాడు.

వరుడి తల్లిగారిది వరంగల్లు. ఆవిడ ఫోనులోనే తన అభిప్రాయం ఒక్క మాటలో తేల్చేశారు. "వదినా, మా దిక్కు తంగేడు లేనిది పండుగే లేదు. గా పువ్వొక్కటి కార్డు మీద పెట్టియ్యుండ్రి" అన్నారు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మను పేర్చేటప్పుడు ఆ పసుపు వరుస మీద, తెల్లని గునుగును రకరకాల రంగుల్లో అద్ది మరో వరుస పెట్టి, గుమ్మడిపూలతో, బంతిపూలతో వర్ణాల మేడ కట్టే ఆడవాళ్లకు ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుందో ఒకరు చెప్పనక్కరలేదు. డిజైనరు మాత్రం తంగేడు పసుపు మరీ స్పష్టంగా ఉందన్నాడు. దాన్ని సగానికి సగం వెలిసిపోయేటట్టు చేస్తే పరిశీలించవచ్చునని అన్నాడు. ఈ జవాబును వదినగారికి చేరవేసే పని కూడా నాకే అప్పగించారు. ఇంతవరకు చేరవేయలేదు.

ఇక శ్లోకం సంగతి. కార్డు మీద ఖాళీ జాగా ఎంత ఉంటే అంత హుందాతనమని డిజైనరు సిద్ధాంతం. అందుచేత పైన ఉన్న నాలుగు పాదాలను తొలగించాలన్నాడు. అవి "జానక్యాః కమలామలాంజలిపుటే" అని మొదలయ్యే పాదాలు. ఎన్ని వేల శుభలేఖల మీద చూశామో, అన్ని వేలసార్లూ చదవకుండా దాటి ముహూర్తం ఎన్నింటికో, భోజనాలు ఎక్కడో వెతుక్కున్నాము. నేను కూడా ఆ రోజే, తీసేస్తున్నారు కదా అని, మొదటిసారి నిదానంగా చదివాను. అందులో ఉన్నది తలంబ్రాల ముత్యాల సంగతి. అవి జానకి తామరల వంటి దోసిట్లో ఉన్నప్పుడు పద్మరాగాల్లా ఎర్రగా ఉన్నాయట. రాముడి తల మీద పడేసరికి మొల్లపూలలా తెల్లనయ్యాయట. అక్కడి నుంచి ఆయన నల్లని మేని మీదుగా జారేటప్పుడు ఇంద్రనీలాలయ్యాయట. ఆ ముత్యాలు మీకు శుభమిచ్చుగాక అని ముగింపు. అనగా రెండు పువ్వులు, మూడు రంగులు, పక్కనున్న దాన్ని బట్టి రంగు మారుతుందన్న సూత్రం, ఇవన్నీ కలిపి ఒక పూర్తి మూడ్‌బోర్డు, మేము నెలన్నరగా వెతుకుతున్న కాగితం పైభాగానే అచ్చయి ఉంది.

ఇది ఎంతో ఇబ్బందికరమైన విషయం గనుక తగిన సానుభూతితోనే డిజైనరుకు అర్థం చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి. "ఒకే ముత్యం మూడు రంగులు మారుతుందా సార్? హోలోగ్రాఫిక్ ఫాయిల్ వేస్తే వస్తుంది. కార్డుకు పద్దెనిమిది రూపాయలు ఎక్కువవుతుంది" అన్నాడు. శ్లోకం నిలిచింది. ఫాయిల్ ఖర్చు విని మా బావగారు కొంతసేపు నిలవలేకపోయారు.

నమూనా వచ్చిన రోజున మరో చిక్కు బయటపడింది. ఫోనులో మెరిసిన ఆకుపచ్చ కాగితం మీద మాసిపోయి కనిపించింది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో బొమ్మ చూపిస్తుంది. ప్రెస్సు సియాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో అచ్చు వేస్తుంది. వెలుగుకున్న మెరుపు సిరాకు రాదు. ఈ మాట ఏ ప్రెస్సు కుర్రవాడినడిగినా మొదటి రోజే చెప్పేవాడు. నెలన్నర సమావేశాల్లో ఎంపికైన పదకొండో ఆకుపచ్చ, తిరస్కరించిన నాలుగో ఆకుపచ్చగా అచ్చయింది. అదే మొదటి నుంచీ తన మనసులో ఉన్నదని మా మేనకోడలు అంగీకరించడంతో సమస్య సామరస్యంగా ముగిసింది.

ఆ నమూనా కార్డును మా అమ్మ చేతికివ్వగానే, అలవాటు కొద్దీ గిన్నెలో పసుపు తడిపి నాలుగు మూలలా అద్దింది. నున్నటి ల్యామినేషన్ మీద పసుపు నిలవక కొంచెం జారి, వేలిముద్రల చుట్టూ అలల్లా ఆరింది. డిజైనరు ఉన్నచోటనే ఆగిపోయి, ఇంతటి సహజమైన టెక్స్చర్‌ను తన వృత్తిజీవితంలో చూడలేదని చెప్పి, దాన్ని స్కాన్ చేయించి ప్రతి కార్డు మూలల్లోనూ అచ్చు వేయించడానికి అనుమతి కోరాడు. నాలుగు రోజుల తరువాత ప్రెస్సు మేస్త్రి ఫోను చేసి, ఫైలులో నాలుగు మూలలా ఏదో పసుపు మరక పడిందని, శుభ్రం చేసి వేయమంటారా అని అడిగాడు. ఉండనివ్వమన్నాను.

ఆరు వందల కార్డులు వచ్చాయి. మా అమ్మ గిన్నె ముందు పెట్టుకుని, పీట వేసుకుని కూర్చుని, మొదటి కార్డు తీసి, అచ్చులో ఉన్న పసుపు మీదనే పసుపు అద్దడం మొదలుపెట్టింది. "అమ్మా, మూలల్లో ఆల్రెడీ ఉంది" అన్నాను. "అది బొమ్మరా" అంది. డిజైనరు వంగి రెండింటినీ చాలాసేపు పోల్చి చూశాడు. తరువాత నన్ను పక్కకు పిలిచి, షేడ్ కలవడం లేదని, అమ్మమ్మగారి గిన్నెలోని పసుపు నంబరెంతో కాస్త కనుక్కుని చెప్పమని అడిగాడు.