లీన్ కోడ్ వస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చేయమనే ఆ మెసేజ్ గురించి

"పాత పికప్ ట్రక్కు యాక్సిలరేటర్ తొక్కగానే తడబడుతోందా? మెకానిక్‌లు దాచిపెట్టే 6 రహస్యాలు!" అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. ఎంతమంది పంపారో లెక్కపెట్టడం మానేశాను. పంపేవాళ్లు ఊరుకోకుండా కింద "చాలా యూజ్‌ఫుల్ అన్నా, సేవ్ చేసి పెట్టుకో" అని కూడా రాస్తున్నారు. సేవ్ చేశాను, ఇదిగో ఇది రాయడానికి.

లీన్ అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి తగినంత పెట్రోల్ లేకపోవడం, అలా అయిందని బండి కంప్యూటర్ వేసే తప్పు నంబరే లీన్ కోడ్. కాలాక పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కంప్యూటర్‌కి చెప్పేది ఆక్సిజన్ సెన్సర్. చూడనివాళ్ల కోసం ఆ మెసేజ్‌లో ఉన్నది చెప్తాను. లీన్ కోడ్ వచ్చిందంటే ఆక్సిజన్ సెన్సర్ పోయినట్టే, మార్చేయండి. గాలి లీకు పట్టుకోవాలంటే ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్ప్రే బాటిల్‌తో పెట్రోల్ కొట్టండి. బ్యాటరీ టెర్మినల్ అరగంట తీసిపెట్టండి, కంప్యూటర్ రీసెట్ అయ్యి తడబాటు పోతుంది. ఫ్యూయల్ ప్రెషర్ 40 పీఎస్ఐ ఉంటే ఏ బండికైనా చాలు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోస్తే లీన్ తగ్గుతుంది. అన్నిటికీ మూలం ఇథనాల్ కలిపిన పెట్రోల్.

ఆక్టేన్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. అది నాకింగ్‌ను (ఇంజిన్లో పెట్రోల్ దానంతటదే అంటుకుని టకటకమనడాన్ని) తట్టుకునే గుణం, పెట్రోల్ పాళ్లు పెంచే మందు కాదు. లీన్ వల్ల ఇంజిన్ నాక్ చేస్తుంటే ఆ చప్పుడు కాస్త తగ్గొచ్చు, అంటే రోగం లోపలే ఉండి మూలుగు మాత్రం ఆగుతుంది.

బ్యాటరీ టెర్మినల్ తీస్తే కంప్యూటర్ ఇన్నాళ్లు నేర్చుకున్న ఫ్యూయల్ ట్రిమ్ (సెన్సర్ మాట విని పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో ఆ లెక్క) సున్నాకి వస్తుంది, బండి కొంతసేపు వేరేలా నడుస్తుంది, మళ్లీ నేర్చుకుని మళ్లీ అదే కోడ్ వేస్తుంది. అంతకన్నా బాధ ఏంటంటే, కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత అని కంప్యూటర్ దాచిపెట్టిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. వెతకడానికి మీ చేతిలో ఉన్న మొదటి ఆధారం అదే, దాన్ని మీ చేత్తోనే చెరిపేసి తర్వాత మెకానిక్ దగ్గరికెళ్లి "ఏమైందో కనుక్కోండి" అంటే ఆయన మాత్రం ఎక్కడినుంచి మొదలుపెడతాడు?

ఇక మొదటి పాయింటు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, లీన్ అనగానే సెన్సర్ మార్చేయమంటున్నారు. పీ0171 అనే లీన్ కోడ్‌కి అర్థం "నా సెన్సర్ పోయింది" అని కాదు, "నేను పెట్రోల్ పెంచీ పెంచీ నా హద్దు దాకా వచ్చాను, ఇంకా ఆక్సిజన్ ఎక్కువే కనిపిస్తోంది" అని. అంటే చాలాసార్లు ఆ సెన్సర్ తన పని తాను సరిగ్గా చేయబట్టే ఆ కోడ్ పడుతుంది. సెన్సరే చెడిపోతే దానికి వేరే కోడ్‌లు ఉన్నాయి, వోల్టేజీ తక్కువని పీ0131, స్పందన మందగించిందని పీ0133. సిలిండర్లు రెండు పక్కలుగా ఉండే వీ ఇంజిన్లలో పీ0171తో పాటు రెండో పక్క లీన్ అని చెప్పే పీ0174 కూడా కలిసి వస్తుంటుంది. మెసేజ్ ప్రకారం రెండు పక్కల ఉన్న రెండు సెన్సర్లూ ముందే మాట్లాడుకుని ఒకేరోజు ప్రాణం విడిచాయన్నమాట! రెండు పక్కలా ఒకేసారి లీన్ చూపిస్తే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చూడాలి: పెట్రోల్ ప్రెషర్, లోపలికి వచ్చే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్, ఇన్‌టేక్‌లో (గాలి లోపలికి వెళ్లే దారిలో) పెద్ద లీకు.

సెన్సర్ మీద నిజంగా అనుమానం ఉంటే మార్చడానికి ముందు అడిగి చూడొచ్చు. పాత రకం సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఆడుతుంది, తక్కువైతే లీన్, ఎక్కువైతే రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువ. ఇంజిన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో దాన్ని చూస్తూ ఒక్కసారి గట్టిగా రేజ్ చేసి వదలండి. 0.8 దాటి వెళ్లి, వదలగానే టక్కున కిందికి పడిందంటే దాని జోలికి వెళ్లకండి. సెన్సర్ బాగానే ఉండి కూడా తప్పు కబురు మోసే సందర్భాలున్నాయి. సెన్సర్‌కి ముందు సైలెన్సర్ పైపులోనో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గరో పగులుంటే బయటి గాలి లోపలికి వస్తుంది. ఒక సిలిండర్ మిస్ అవుతుంటే అందులో కాలని ఆక్సిజన్ మొత్తం బయటికి వస్తుంది. రెండింటినీ అది లీన్ అనే చదువుతుంది, కంప్యూటర్ నమ్మి పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. పాత ప్లగ్గులో, పగిలిన ప్లగ్ వైర్లో కారణమైనచోట కొత్త సెన్సర్ బిగించినా ఆ కొత్తది కూడా అదే కథ చెప్తుంది.

అసలు చూడాల్సింది లీన్ ఎప్పుడు అవుతోంది అని. మెసేజ్‌లో ఈ మాట ఎక్కడా లేదు, ఆరు రహస్యాల్లో ఈ ఒక్కటి దాచేశారు! స్కానర్ పెట్టి షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు సర్దేది), లాంగ్ టర్మ్ (నేర్చుకుని ఉంచుకున్నది) ట్రిమ్‌లు రెండూ కలిపి చూడండి, ఒకసారి ఐడిలింగ్‌లో (పెడల్ తొక్కకుండా ఊరికే తిరుగుతుండగా), ఒకసారి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా, ఒకసారి లోడ్ మీద ఎత్తు ఎక్కుతూ. ఐడిలింగ్‌లో ప్లస్ 20 శాతం ఉండి 2500 దగ్గర 5కి దిగిపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, ఎందుకంటే కన్నం అంతే ఉంటుంది కానీ ఇంజిన్ లాగే మొత్తం గాలి పెరిగేసరికి దాని వాటా తగ్గిపోతుంది. ఐడిలింగ్‌లో మామూలుగా ఉండి లోడ్ మీద పెరుగుతూ పోతే పెట్రోల్ అందడం లేదు, లేదా మాఫ్ మురికి పట్టి వచ్చే గాలిని తక్కువ చేసి చెప్తోంది. ఈ ఒక్క తేడాతో సగం వెతుకులాట అయిపోతుంది. రెండు రకాలుగానూ ట్రిమ్ మామూలుగా ఉండి, పెడల్ ఎప్పుడూ ఒకే చోటికి రాగానే బండి ముక్కుతుంటే అది లీనే కాదు, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌లో అరిగిన చోటు అయ్యుండొచ్చు.

ఇప్పుడు ఆ పెట్రోల్ స్ప్రే. ఇది రాసినాయన ఎవరో గానీ బానెట్ తెరిచి ఎప్పుడైనా చూశాడా? పెట్రోల్ మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. ఇంజిన్ తిరుగుతోంది, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కాలిపోతోంది, పాత ప్లగ్ వైర్ల నుంచి చీకట్లో చూస్తే నిప్పురవ్వలు కనిపిస్తాయి, మధ్యలో మీరు నిలబడి బాటిల్‌తో పెట్రోల్ మంచులా చల్లుతున్నారు, మెసేజ్ పంపిన మిత్రుడు పక్కన ఫోన్‌లో వీడియో తీస్తుంటాడేమో కూడా. కార్బ్ క్లీనర్ (కార్బరేటర్ కడిగే స్ప్రే) కొట్టి, అది లీకులోంచి లోపలికి పోయి ఇంజిన్ శబ్దం మారుతుందేమో చూసే ఈ పరీక్ష మెకానిక్‌లు ఏళ్ల తరబడి చేస్తున్నమాట నిజమే, అదీ అంటుకునేదే, అందుకే కొట్టేది ఒక చుక్క, అదీ వేడి భాగాలకు దూరంగా. బ్రేక్ క్లీనర్ అయితే వద్దే వద్దు, కొన్నిటిలో క్లోరిన్ ద్రావకాలుంటాయి, వేడికి విషవాయువు పుడుతుంది.

పోనీ ప్రాణం పణంగా పెట్టి చేసినా ఫలితం నమ్మదగ్గదా అంటే అదీ అనుమానమే. ఫ్యాన్ గాలికి ఆవిరి ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతే లీకు లేకపోయినా శబ్దం మారుతుంది. ఐడిల్ కంట్రోల్ ఉన్న ఇంజిన్లో లీకున్నా కంప్యూటర్ ఆర్‌పీఎం సర్దేస్తుంది. ఇంకోటి, మాఫ్ లేకుండా ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సర్‌తో నడిచే పాత ఇంజిన్లలో గాలి లీకైతే ఆ ప్రెషర్ పెరుగుతుంది, కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోల్ తనే పోస్తుంది, కాబట్టి అక్కడ లీన్ కన్నా ఐడిలింగ్ ఎక్కువైపోవడమే ముందు కనిపిస్తుంది. దీనికంటే స్కానర్ చూస్తూ ఇన్‌టేక్‌కి కలిసే రబ్బరు పైపులు, అంటే పీసీవీ హోస్ (ఇంజిన్ లోపలి ఆవిరిని లాగేది), బ్రేక్ బూస్టర్ హోస్ (బ్రేక్‌కి బలమిచ్చేది) ఒక్కొక్కటీ నొక్కిపట్టండి, ఏది నొక్కితే ట్రిమ్ కిందికి దిగుతుందో అటువైపే లీకు. బండి కదలకూడదని వేరే చెప్పాలా? గ్యాస్కెట్ మీద అనుమానమైతే ఉత్త నీళ్లే కొద్దిగా చల్లండి, లీకున్నచోట బుస్సుమనే శబ్దం మారుతుంది. పొగ ఎక్కించి లీకు చూపించే స్మోక్ మెషీన్ దొరికితే ఇంజిన్ ఆపేసే చేయొచ్చు, అంతకన్నా ఏం కావాలి.

40 పీఎస్ఐ ఏ బండికైనా చాలట. 1987 నుంచి 95 దాకా వచ్చిన షెవ్రొలె ట్రక్కుల టీబీఐ (థ్రాటిల్ దగ్గరే ఇంజెక్టర్లు ఉండే) ఇంజిన్లలో ఉండాల్సింది 9 నుంచి 13, అక్కడ 40 చూపిస్తే గేజీ తప్పు లేదా మీరు తప్పు బండి దగ్గర ఉన్నారు. అదే కంపెనీ 1996లో తెచ్చిన వోర్టెక్ వీ8లో 60 నుంచి 66 కావాలి, 55 కిందికి పడితే స్టార్టవడానికే మొరాయిస్తుంది. మెసేజ్ నమ్మినవాడు 40 చూసి "పంపు బంగారం" అనుకుని ఇంజెక్టర్లు విప్పడం మొదలుపెడతాడు. మీ ఇంజిన్ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఆ అంకె కూడా బండి నిలబెట్టి చూస్తే సరిపోదు, ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు ఐడిలింగ్‌లో ప్రెషర్ చక్కగా ఉండి లోడ్ మీద కూలిపోతుంది. పెట్రోల్ ప్రెషర్‌ని సర్దే రెగ్యులేటర్ వ్యాక్యూమ్ పైపు లాగి వాసన కూడా చూడండి, అందులో పెట్రోల్ ఉంటే లోపల డయాఫ్రమ్ (పల్చటి పొర) చిరిగింది.

చివరగా ఇథనాల్. దీన్ని కూడా చీల్చి చెండాడదామనే కూర్చున్నాను గానీ, ఇందులో ఆయన అన్నది చాలావరకు నిజమే. ఒక పాలు ఉత్త పెట్రోల్‌కి బరువులో 14.7 పాళ్ల గాలి కావాల్సి ఉంటే 10 శాతం ఇథనాల్ కలిపినదానికి సుమారు 14.1 చాలు, అంటే అదే కొలత పోస్తే దాదాపు 4 శాతం లీన్. 20 శాతం కలిపితే అది ఇంచుమించు రెట్టింపు. కార్బరేటర్ బండికి ట్రిమ్ ఉండదు, సర్దుకునే దారే లేదు, జెట్ (పెట్రోల్ వచ్చే చిన్న రంధ్రం) సైజు ముందే లీన్ అంచు మీద ఉంటే తొక్కగానే తడబాటు రావడం సహజం, అక్కడ జెట్ ఒక సైజు పెంచడం సరైన పనే. పాత ట్యాంకులో అడుగున పేరుకున్న మడ్డిని కూడా అది కదిలించి ఫిల్టర్‌కి పట్టిస్తుంది, అదీ ఒప్పుకుంటాను. కానీ ఇంజెక్షన్ బండిలో ఈ 4 శాతాన్ని కంప్యూటర్ ఎవరికీ చెప్పకుండా సర్దేస్తుంది. మీ స్కానర్‌లో ప్లస్ 25 కనిపిస్తుంటే మిగతా 21కి ఇథనాల్‌ని తిట్టి లాభం లేదు, ఆ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు తెచ్చుకోండి.