మంచానికి అయిదు లక్షలు, సూదికి సున్నా

లంబసింగి పొగమంచు చూడటానికి విశాఖ నుంచి కార్లు బారులు తీరే రోజుల్లోనే, అదే చింతపల్లి కొండల్లోని గూడేల నుంచి డొక్కలు ఎగరేస్తున్న పసిబిడ్డలను ఒడిలో పెట్టుకుని తల్లులు కిందికి దిగివస్తుంటారు. నగరంలోని పెద్దాసుపత్రుల పిల్లల వార్డులకు చలికాలమంటే ఆయాసాల కాలం. ఇళ్లలో నెమ్ము అనీ, వైద్యులు న్యుమోనియా అనీ పిలిచే ఈ జబ్బును తెచ్చిపెట్టే సూక్ష్మజీవులు అనేకం ఉన్నా, వాటిలో ప్రాణాల మీదకు తేవడంలో ముందుండే బ్యాక్టీరియా న్యుమోకాకస్. అది మెదడు పొరలకు పాకితే మెనింజైటిస్, రక్తంలో చేరితే ఒంట్లోని అవయవాలను దెబ్బతీసే సెప్సిస్. మెనింజైటిస్ నుంచి బతికి బయటపడిన బిడ్డల్లో కొందరికి చెవుడు జీవితాంతం మిగిలిపోతుంది. దీనికి టీకా ఉంది. ఆ టీకా ఎవరికి అందుతోంది, ఎవరిదాకా రాకుండా ఆగిపోతోంది అన్నదే ఇక్కడ ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో న్యుమోనియాకు బలైన అయిదేళ్లలోపు పిల్లలు 7.4 లక్షల మంది. ఆ వయసు మరణాల్లో ఇది 14 శాతం. మన దేశంలో టీకా రాకముందు, 2010 సంవత్సరానికి పరిశోధకులు వేసిన అంచనాలో తీవ్ర న్యుమోనియా కేసులు 36 లక్షలు, మరణాలు మూడున్నర లక్షలు. ఆ కేసుల్లో న్యుమోకాకస్ వాటా ఆరింట ఒక వంతే అయినా, మరణాల్లో దాని వాటా దాదాపు మూడో వంతు, అంటే లక్షకు పైనే. ఈ క్రిమి ఎంత మందికి సోకుతుందన్న దానికంటే, సోకినవారిని ఎంత దూరం తీసుకుపోతుందన్నదే భయపెట్టే విషయం.

2017లో హిమాచల్‌ప్రదేశ్‌తో పాటు బిహార్, ఉత్తరప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల్లో మొదలైన న్యుమోకాకల్ కాంజుగేట్ టీకా, 2021 నాటికి మన రాష్ట్రం సహా దేశమంతటికీ చేరింది. అంతకుముందు డోసుకు వేల రూపాయలు పెట్టగలిగినవారి పిల్లలకే దక్కిన రక్షణ ఇప్పుడు ఆరోగ్య ఉపకేంద్రంలో ఉచితంగా దొరుకుతోంది. పుణెలో తయారైన చవక టీకా 2020 చివర్లో విడుదల కావడం కూడా ఇందుకు దోహదం చేసింది. ప్రభుత్వాలను తప్పుపట్టే పని ఎక్కువగా పడే ఈ శీర్షికలో, సరైన పని జరిగినప్పుడు ఆ మాట చెప్పడానికి సంకోచించనక్కర్లేదు.

అయితే ఈ టీకా మూడు విడతలు: ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. మధ్యలో పదో వారం సూదుల్లో ఇది ఉండదు. మొదటి రెండూ సాధారణంగా పడతాయి. బాలింత పుట్టింట్లోనే ఉంటుంది, ఆశా కార్యకర్తకు ఆ ఇల్లు తెలుసు. తొమ్మిదో నెల వచ్చేసరికి ఆమె అత్తవారింటికి వెళ్లిపోతుంది, లేదా భర్త పని దొరికిన చోటికి కుటుంబమే కదిలిపోతుంది. మధురవాడ, కొమ్మాది వైపు లేచే అపార్టుమెంట్ల పక్కన రేకుల షెడ్లలో ఉండే వలస కూలీల సంగతి ఇదే. పైగా ఆ రోజు తట్టు–రుబెల్లా సూది, పోలియో సూది, ఈ టీకా చివరి విడతైన బూస్టరు, విటమిన్ ఎ చుక్కలు అన్నీ ఒక్కసారే ఉంటాయి. ఒకే పూట ఇన్ని పోట్లా అని నాయనమ్మ అడ్డుపడితే సూది వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం ఓపిగ్గా నచ్చజెప్పాలి. రక్షణ ఎక్కువ కాలం నిలవడానికి వేసేదే ఆ బూస్టరు. వలస వచ్చిన బిడ్డ కార్డులో ఆ గడి ఖాళీగా ఉందో లేదో చూసే బాధ్యత పాత ఊరి ఆశాదా, కొత్త వార్డు ఆశాదా అన్నది విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ తేల్చాలి.

పిల్లల విషయంలో చిక్కు అమలుది. పెద్దల విషయంలో అసలు కార్యక్రమమే లేదు. అరవై అయిదు దాటినవారికి, మధుమేహం, గుండెజబ్బు, మూత్రపిండాల వైఫల్యం, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, ప్లీహం తీసేసినవారికి ఈ క్రిమితో ముప్పు ఎక్కువని వైద్యశాస్త్రం ఎప్పటినుంచో చెబుతోంది. అమెరికా 2024లో ఈ టీకా సిఫారసు వయసును యాభైకి దించింది. మన దగ్గర పెద్దలు ఈ సూది వేయించుకోవాలంటే ప్రైవేటులో వేల రూపాయలు కట్టాలి. అంతకన్నా ముందు అలాంటిదొకటి ఉందని వారికి ఎవరైనా చెప్పాలి.

ఇక లెక్కలోకి రాని ఖర్చు. గాజువాకలో అద్దె ఇంట్లో ఉండే ఒక ఆటో డ్రైవరు ఇంటిని ఊహించుకుందాం. తల్లికి డెబ్బై రెండేళ్లు, షుగరు. డెబ్బై దాటినవారికి కుటుంబానికి ఏటా అయిదు లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరించేందుకు 2024లో కేంద్రం తెచ్చిన వయ వందన కార్డు ఆమెకు ఉంది కాబట్టి, నెమ్ముతో చేరిన పది రోజుల మంచం ఖర్చు కుటుంబం మీద పడలేదనే అనుకుందాం. కానీ ఆ పది రోజులూ ఆటో ఇంటి ముందే నిలిచిపోతుంది. ఫైనాన్సు వాయిదా మాత్రం నిలవదు. అత్తగారి పక్కన కూర్చున్న కోడలికి నాలుగిళ్ల పనిలో రెండు పోతాయి. ఇంటికొచ్చాక కూడా ముసలమ్మ నెల్లాళ్లు ఒంటరిగా బాత్రూముకు వెళ్లే స్థితిలో ఉండదు. గిరిజన కొండ ప్రాంతమైన ఏజెన్సీలోనైతే కాఫీ పండ్లు కోసే కూలి దొరికేదే నవంబరు, జనవరి మధ్య. బిడ్డతో వార్డులో కూర్చున్న తల్లికి ఆ ఏడాది సంపాదనకే గండి పడుతుంది. ఇవేవీ ఏ ప్యాకేజీ కిందికీ రావు, ఏ బడ్జెట్ పత్రంలోనూ కనిపించవు. మంచానికి అయిదు లక్షల దాకా ఇవ్వడానికి సిద్ధపడిన ప్రభుత్వం, ఆ మంచం అవసరాన్ని కొంతైనా తగ్గించే సూదికి పైసా కేటాయించకపోవడం పొదుపు అనిపించుకోదు.

టీకా వేస్తే నెమ్మే రాదని ఎవరూ నమ్మబలకకూడదు. న్యుమోకాకస్‌లో వందకు పైగా రకాలున్నాయి. పుణె టీకా రక్షణనిచ్చేది వాటిలో పదింటి నుంచి, కాకపోతే అవి ఎక్కువగా జబ్బు చేసే రకాలు. వైరస్‌లతో వచ్చే న్యుమోనియాకు ఇది పనిచేయదు. కట్టెల పొయ్యి పొగ, పోషకాహార లోపం, ఆలస్యంగా ఆసుపత్రికి చేరడం అలాగే ఉంటాయి. రెండు నెలలు దాటి ఏడాదిలోపున్న బిడ్డ నిమిషానికి యాభై సార్లు, ఆపై అయిదేళ్లలోపు బిడ్డ నలభై సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఆగకూడదన్న చిన్న కొలమానం ప్రతి గూడెంలో తెలియాలి. మరోవైపు, టీకా మేలు వేసుకున్నవారితోనే ఆగదు. ఈ క్రిమి కాపురముండేది ఎక్కువగా చిన్నపిల్లల ముక్కు, గొంతుల్లోనే. అమెరికాలో 2000 నుంచి పిల్లలకు టీకా వేయడం మొదలయ్యాక టీకా వేసుకోని వృద్ధుల్లోనూ జబ్బు తగ్గింది. మనవడికి వేసిన సూది తాతకు కాపలా కాసినట్లే. అయినా ఆ ఒక్కదాని మీదే భారం వేసి షుగరు ఉన్న తాతను వదిలేయలేం.

విశాఖకు ఈ విషయంలో మిగతా ఊళ్లకు లేని ఒక కారణం కూడా ఉంది. బొగ్గు ధూళితో వన్‌టౌన్, జ్ఞానాపురం వాసుల పేచీ ఈనాటిది కాదు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో మన పేరూ ఉంది. అందరి దృష్టీ ధూళి మీదే ఉండగా వెల్డింగ్ పొగను పట్టించుకున్నవారు తక్కువ. లోహపు పొగ తరచు పీల్చేవారికి న్యుమోకాకల్ న్యుమోనియా ముప్పు పెరుగుతుందని గుర్తించి, బ్రిటన్ ఆరోగ్య శాఖ వెల్డర్లకు న్యుమోకాకల్ టీకాను సిఫారసు చేస్తోంది. నౌకా నిర్మాణం, ఉక్కు, ఆటోనగర్ షెడ్లు ఉన్న ఈ ఊళ్లో వెల్డింగ్ చేసి బతికే కుటుంబాలు ఎన్నో. పర్మినెంటు ఉద్యోగికి కంపెనీ ఆసుపత్రి ఉంటుంది. కాంట్రాక్టరు కింద రోజుకూలికి రాడ్డు పట్టేవాడికి ముఖానికి అద్దం దొరికితే అదే గొప్ప.

రాష్ట్ర ప్రభుత్వం పెద్దలందరికీ ఒకేసారి టీకా ఇవ్వాలని మేము కోరడం లేదు. బీపీ, షుగరు రోగుల పేర్లు ఆరోగ్య కేంద్రాల రికార్డుల్లో ఇప్పటికే ఉన్నాయి. డయాలిసిస్ కేంద్రాలకు వారానికి రెండు మూడుసార్లు వచ్చే రోగులు ఎవరో తెలుసు. విశాఖలో వీరితో, డెబ్బై దాటిన మధుమేహులతో మొదలుపెట్టి, కాంట్రాక్టు వెల్డర్ల సూది ఖర్చును పరిశ్రమల సామాజిక బాధ్యత నిధుల నుంచి రాబట్టవచ్చు. ఏటా నవంబరు 12న న్యుమోనియా దినం పేరిట ర్యాలీ తీసి, బ్యానరు వెనక ఫొటో దిగడం రివాజు. వచ్చే నవంబరు 12 లోపు డయాలిసిస్ రోగుల జాబితాకు మొదటి డోసు పూర్తిచేస్తామని జిల్లా యంత్రాంగం ఇప్పుడే ప్రకటించవచ్చు.