వయసు అడగాలా, బరువు అడగాలా?

గుంటూరు కొత్తపేటలో మందుల షాపు బాబాయిది. అన్న కూతురు పిల్లల వైద్యంలో పీజీ చేస్తోంది. చీటీ లేకుండా వచ్చిన ఒక తల్లికి ఆయన జ్వరం మందు ఇచ్చి పంపాడు. పక్కనే నిలబడి చూసిన అమ్మాయి ఊరుకోలేదు.

అమ్మాయి: బాబాయ్, వయసే అడిగావు. బరువు అడగలేదేం?

బాబాయి: ఏడాది పిల్లోడికి ఎంత పొయ్యాలో నాకు తెలీదా? ఇన్నేళ్లుగా ఇదే లెక్క.

అమ్మాయి: ఏడాది పిల్లల్లో ఏడు కిలోల వాళ్లున్నారు, పన్నెండు కిలోల వాళ్లూ ఉన్నారు. పారాసిటమాల్ డోసు కిలోకి 15 మి.గ్రా. ఒకరికి 105, ఇంకొకరికి 180. ఒకే మూత ఇద్దరికీ ఎట్లా సరిపోద్ది?

బాబాయి: తక్కువైతే జ్వరం తగ్గదు, మళ్లీ వస్తారు. ప్రాణం మీదికైతే రాదుగా.

అమ్మాయి: సీసా మారితే వస్తుంది. ఇవన్నీ నీ అరలోవే, చూడు. ఈ సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా., పక్కదాంట్లో 250. ఈ డ్రాప్స్‌లో ఒక్క మి.లీ.లోనే 100. పది కిలోల బిడ్డకి మొదటిది 6 మి.లీ., రెండోది 3, డ్రాప్స్ అయితే ఒకటిన్నర. డ్రాప్స్ సీసాని సిరప్ అనుకుని 5 మి.లీ. పోశారనుకో, 500 మి.గ్రా. లోపలికి పోయినట్టే. రోజుకు నాలుగుసార్లు అట్లా పోస్తే లివర్‌కే ఎసరు.

బాబాయి: (సీసాలు తిప్పి చూసి) సరే, డ్రాప్స్ సంగతి ఒప్పుకుంటా. మరి మీ డాక్టర్లు? "5 మి.లీ., మూడు పూటలా" అని గీకి పంపుతారు. 125దా, 250దా? పిల్లోడి బరువెంత? ఏదీ ఉండదు.

అమ్మాయి: ఫోన్ చేసి అడుగు. విసుక్కున్నా అడుగు.

బాబాయి: కిలో లెక్కే అంత గట్టిదైతే, పెద్దవాళ్ల డోసుని కిలోలతో భాగిస్తే పోలా? దానికింత చదువెందుకు?

అమ్మాయి: అట్లా కుదరదు. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంట్లో నూటికి 75 పాళ్లు నీళ్లే. జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ అందులో పలచబడిపోద్ది కాబట్టి కిలోకి ఎక్కువ కావాలి. కిడ్నీలేమో ఇంకా కుదురుకోలేదు, మందు తొందరగా బయటికి పోదు. అందుకని డోసుకీ డోసుకీ ఎడం పెంచాలి. 1950ల చివర్లో క్లోరాంఫెనికాల్ అనే ఇంకో యాంటీబయోటిక్ ఇస్తే పసికందులు బూడిదరంగుకి తిరిగి చనిపోయారు. వాళ్ల లివర్ దాన్ని వదిలించుకోలేకపోయింది. అదే లివర్ రెండు మూడేళ్లకి ఎంత జోరందుకుంటుందంటే, ఫిట్స్‌కిచ్చే ఫెనిటాయిన్ కిలో లెక్కన పెద్దవాళ్లకంటే ఎక్కువ పడుతుంది.

బాబాయి: చిన్నోళ్లకి ఎక్కువా! ఇది మాత్రం కొత్త.

అమ్మాయి: జలుబు మందులూ అట్లాగే అమ్ముతున్నావు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్లలోపు వాళ్లకి వద్దని 2023లోనే కేంద్రం చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్ తాగి పిల్లలు పోయారు కూడా.

బాబాయి: అది కల్తీ. డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపు రసాయనం కలిసింది. డోసు తప్పు కాదు, అమ్మినోడి తప్పూ కాదు. దాన్ని నా నెత్తిన రుద్దకు.

(ఈ ఒక్క మాటలో బాబాయి వైపే న్యాయముంది.)

అమ్మాయి: అక్కర్లేని మందు పొయ్యకపోతే కల్తీదీ లోపలికి పోదుగా.

బాబాయి: ఓపీ ఫీజు పెట్టలేని తల్లికి రాత్రి పదింటికి నువ్వు దొరుకుతావా?

అమ్మాయి: జీజీహెచ్, అదే మన పెద్దాసుపత్రి, క్యాజువాలిటీ రాత్రంతా తెరిచే ఉంటుంది. మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరమంటే మందు అమ్మకుండా అక్కడికే పంపు. మిగతావాళ్లకి ఒక కాటా కొను, సీసాతో పాటు సూది లేని సిరంజి ఇవ్వు.

బాబాయి: సిరంజి ఇస్తా. కాటాకి ఈ కౌంటర్లో జాగా ఏదీ? తల్లి చెప్పిన బరువే నమ్ముతా.

అమ్మాయి: అంగన్‌వాడీలో నెలనెలా తూస్తారు. ఆ కార్డు అడుగు.